రిపోర్టు చేతికొచ్చేలోపు

కేన్సరు అనుమానంతో ఒంట్లోంచి తీసిన బయాప్సీ ముక్క ల్యాబుకు చేరి నాలుగో రోజు. విశాఖపట్నం మహారాణిపేటలో ఏ ల్యాబు కౌంటరు దగ్గర నిలబడినా వినబడే మాట ఒకటే: "ఇంకా అవ్వలేదమ్మా, ఎల్లుండి కనుక్కోండి." ఎందుకు అవ్వలేదో కౌంటరులో కూర్చున్న కుర్రాడికి తెలియదు. తెలిసిన డాక్టరు లోపల మైక్రోస్కోపు ముందు ఉంటారు, బయటికి రారు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన భర్తకో భార్యకో ఆ 'ఎల్లుండి'లో ఎక్కడలేని అర్థాలూ వినిపిస్తాయి. ఆలస్యమైందంటే ఏదో చెడ్డదే కనబడి ఉంటుందని, డాక్టర్లు మొహం చాటేస్తున్నారని.

చాలాసార్లు ఆలస్యానికీ ఫలితానికీ సంబంధం ఉండదు. రిపోర్టు కోసం చూసే రోజుల్లో అసలు ముప్పు వేరేచోట ఉంటుంది. ఇంటిల్లిపాదీ రాబోయే కాగితం మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంటే, కీమో పడిన మనిషికి రాత్రి వచ్చిన జ్వరం, మూడు రోజులుగా ఆగిపోయిన విరేచనం, ఆకాశానికెక్కిన షుగరు ఎవరికీ కనబడవు. కాగితంలో ఏముంటుందో మార్చడం తోడున్నవారి చేతిలో లేదు. మిగతావన్నీ వారి చేతిలోనే ఉన్నాయి.

ముక్క ఇప్పుడు ఎక్కడుంది

కోర్ బయాప్సీ అంటే లావుపాటి సూదితో తీసిన రెండు మూడు సన్నటి పోగులు, అగ్గిపుల్ల మందం కూడా ఉండవు. అవి ముందు ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్లకుండా ఉంచే ద్రవంలో నానాలి. రొమ్ము కణజాలమైతే తక్కువలో తక్కువ 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు. ఆ తర్వాత రాత్రంతా మెషీన్‌లో ఉంచి నీరంతా లాగేసి, మైనం పట్టించి, చిన్న బిళ్లగా పోస్తారు. దాన్ని బ్లాకు అంటారు. బ్లాకును 4 మైక్రాన్ల మందాన, అంటే మిల్లీమీటరులో 250వ వంతు మందాన పొరలుగా కోసి, గాజు పలకల మీద పరిచి రంగు వేస్తారు. ఆ పలకలే స్లైడ్లు. ఇదంతా అయ్యాక గానీ పేథాలజిస్టు, అంటే స్లైడ్లు చదివే డాక్టరు చూపు దాని మీద పడదు. మామూలు బయాప్సీకి 3 నుంచి 5 పనిదినాలు పట్టేది ఇందుకే. ఆపరేషన్‌లో తీసిన పెద్ద భాగమైతే వారం పది రోజులు. అందులో లింఫు గడ్డలను ఒక్కొక్కటిగా వెతికి తీయాలి, అంచులకు రంగు పూయాలి, పదుల కొద్దీ బ్లాకులు తయారు చేయాలి. ఎముక ముక్కయితే అందులోని కాల్షియం కరిగించడానికి మరికొన్ని రోజులు.

"ఐహెచ్‌సీకి పెట్టాం" అన్న మాట వినగానే చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. నిజానికి ఇది భయపడాల్సిన మాట కాదు. కేన్సరు అవునా కాదా అన్నది చాలాసార్లు అప్పటికే తేలిపోయి ఉంటుంది. అది ఏ రకం, ఏ మందుకు లొంగుతుంది అన్నది తేల్చడానికే ఐహెచ్‌సీ, అంటే కణాల మీది గుర్తులను ప్రత్యేకమైన రంగుతో చూసే పరీక్ష. రొమ్ము కేన్సరులో ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు గుర్తులు (మార్కర్లు) చూస్తారు. హెర్2కు 0, 1+, 2+, 3+ అని మార్కులు వేస్తారు. 3+ అంటే ఉన్నట్టు, 0, 1+ అంటే లేనట్టు లెక్క. 2+ వస్తే అటూ ఇటూ తేలలేదని అర్థం. అప్పుడు అదే బ్లాకు నుంచి మళ్లీ పొరలు కోసి ఫిష్ అనే జన్యు పరీక్షకు పంపాలి. దీంతో మరో వారం పోతుంది. ఆ వారం అదనంగా ఎందుకు పట్టిందో తెలిసిన మనిషికి పట్టే నిద్ర, తెలియని మనిషికి పట్టదు.

అందుకే ల్యాబుకు ఫోన్ చేసినప్పుడు "రిపోర్టు వచ్చిందా?" అని అడగడం దండగ. దానికి జవాబు అవునో కాదో రెండే. "బ్లాకు అయిందా అండీ? స్లైడ్లు డాక్టరుగారు చూశారా? ఐహెచ్‌సీ రాశారా, ఏ మార్కర్లు?" అని అడగాలి. ఈ మూడు ప్రశ్నలకు టెక్నీషియన్ తడుముకోకుండా చెప్పగలడు. ఆ జవాబుతో ఇంకా ఎన్ని రోజులు పడుతుందో ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేయక్కర్లేదు, రెండు రోజులకోసారి చాలు.

ఈలోపు జబ్బు పాకిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. గడ్డరూపంలో ఉండే చాలా కేన్సర్లలో వారం పది రోజుల తేడాతో చికిత్స తలకిందులు కాదు. సరైన రిపోర్టు లేకుండా తొందరపడి మొదలుపెట్టిన తప్పు మందుతోనే నష్టం ఎక్కువ. కానీ కొన్ని పరిస్థితుల్లో రిపోర్టు కోసం ఆగకూడదు. కొత్తగా వచ్చిన నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడటం, ఒంటేలు, విరేచనం మీద పట్టు తప్పడం వెన్నుపాము మీద ఒత్తిడికి గుర్తులు. మొహం, మెడ ఉబ్బి ఆయాసం రావడం, ఉన్నట్టుండి మాట తికమకగా రావడం, ఆగని రక్తస్రావం కూడా అలాంటివే. వీటికి ఆ రోజే, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్యూట్ లుకేమియా అనే రక్త కేన్సరు అనుమానం ఉన్నా అంతే, అక్కడ రోజులు కాదు, గంటలు లెక్క.

డబ్బా మోసుకెళ్లేటప్పుడు

చిన్న ఆస్పత్రుల్లో ఆపరేషన్ థియేటర్ బయట నర్సు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి భర్త చేతిలో పెట్టి, "ల్యాబులో ఇచ్చేయండి" అనడం మన ఊళ్లో మామూలే. ఆ క్షణం ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు. డబ్బాలో ఉన్నది భార్య శరీరంలోని భాగం. అయినా అక్కడే ఆగి చూడాల్సినవి ఉన్నాయి.

డబ్బా మీద పేరు, వయసు, ఆస్పత్రి నంబరు, ఏ భాగం, కుడా ఎడమా, తీసిన తేదీ, సమయం రాసి ఉండాలి. మూత మీద రాస్తే కుదరదు, డబ్బా మీదే రాయించాలి, ఎందుకంటే మూతలు మారిపోతాయి. ముక్క మునిగి ఇంకా పైకి తేరేంత ఫార్మలిన్ ఉండాలి, ముక్క పరిమాణానికి సుమారు 10 రెట్లు. సగం మునిగి సగం తేలుతుంటే వెంటనే చెప్పాలి. మునగని భాగం కుళ్లిపోతుంది, ఆ తర్వాత ఐహెచ్‌సీ చేసినా ఆ ఫలితాన్ని నమ్మలేం. ముక్క చెడిపోతుందని దాన్ని ఐసులో పెట్టడం, ఫ్రిజ్‌లో దాచడం ఇళ్లలో జరిగే పొరపాటు. ఫార్మలిన్‌లో ఉన్నదానికి చల్లదనం అక్కర్లేదు, మామూలు గది వేడి చాలు. అలాగని ఎండలో స్కూటర్ డిక్కీలో రెండు గంటలు వదిలేయకూడదు. మూత బిగుతుగా ఉందో లేదో చూసి, జిప్ కవరులో పెట్టి, నిలువుగా పట్టుకోవాలి. కారితే కళ్లు మండుతాయి, ముక్కు మండుతుంది. లింఫోమా అనే లింఫు గడ్డల కేన్సరు అనుమానంతో చేసే కొన్ని పరీక్షలకు మాత్రం ముక్కను ఫార్మలిన్‌లో వేయకూడదు. ఏ ద్రవంలో వేశారో, ఎంతసేపట్లో చేరాలో నర్సును అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

శుక్రవారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం దాకా డబ్బాలోనే ఉంటే 72 గంటలకు దగ్గరపడుతుంది. ఆదివారం ల్యాబు మూసి ఉంటుందా అని ముందే కనుక్కోవడం చిన్న పనే గానీ, ఒక్కోసారి రెండో బయాప్సీ సూది తప్పించేది అదే.

రిపోర్టు వచ్చాక కూడా బ్లాకులు, స్లైడ్లు ల్యాబులోనే ఉంటాయి. అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రికి గానీ, హైదరాబాదుకో వెల్లూరుకో గానీ వెళ్లాలనుకుంటే అక్కడి పేథాలజిస్టులు చాలాసార్లు స్లైడ్లను మళ్లీ చూస్తామంటారు. దరఖాస్తు రాసి, సంతకం పెట్టి బ్లాకులు తీసుకోవాలి. వాటిని దూదిలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టాలి. వైశాఖం ఎండకు కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మైనం మెత్తబడుతుంది.

పెట్ స్కాన్ రోజు

ఒంట్లో జబ్బు ఎక్కడెక్కడ ఉందో చూసే ఈ స్కాన్‌కు వాడే ఎఫ్‌డీజీ అనే మందు రేడియోధార్మికమైన చక్కెర. దాన్ని ఎక్కువగా లాగేసుకున్న చోటు స్కాన్‌లో వెలుగుతుంది. 110 నిమిషాలకు దాని శక్తి సగానికి పడిపోతుంది. మందు సెంటరుకు రెండు గంటలు ఆలస్యంగా చేరితే వచ్చింది సగమే అన్నమాట. ఉదయం 8కి రమ్మని, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఒక్కోసారి మర్నాటికి వాయిదా వేయడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ఖాళీ కడుపుతో వచ్చిన మనిషికి అది నరకమే. సమయానికి వెళ్లాలి గానీ, బయల్దేరే ముందు "డోసు వచ్చిందా?" అని ఫోన్ చేస్తే గంటలు కలిసొస్తాయి.

స్కాన్‌కు ముందు 6 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. కాఫీ, టీ, చూయింగ్ గమ్, దగ్గు చప్పరింపు బిళ్లలు కూడా వద్దు. ముందురోజు బరువులు ఎత్తడం, మెట్లు ఎక్కి దిగడం మానాలి, లేకపోతే కండరాలు మందును లాగేసుకుంటాయి. షుగరు 200 దాటితే సాధారణంగా వెనక్కి పంపేస్తారు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవారికి పేగులు వెలిగి కనబడి చూసేవారిని తికమక పెడతాయి, కాబట్టి దాన్ని ఎప్పుడు ఆపాలో ముందే అడగాలి. సొంతంగా ఆపకూడదు. ఇన్సులిన్ వేళ కూడా వాళ్లు చెప్పినట్టే. సూది వేశాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. అక్కడ ఏసీ చలి చలిగా ఉంటుంది, వణికితే మెడ దగ్గరి కొవ్వు కూడా వెలుగుతుంది. దుప్పటి తీసుకెళ్లడం సౌకర్యానికి మాత్రమే కాదు, స్కాన్ కోసం కూడా. ఆ రోజంతా గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉండాలి. చంటి మనవడు ఇంట్లో ఉంటే ఆ రాత్రికి వాణ్ణే వేరే ఇంటికి పంపడం నయం.

ఇక రిపోర్టు. 'అప్‌టేక్', అంటే మందు లాగేసుకోవడం, అన్న ప్రతి మాటా కేన్సరు కాదు. మెదడు, గుండె, మూత్రాశయం ఎవరికైనా వెలుగుతాయి. మన దేశంలో టీబీ ఎక్కువ, పాత టీబీ గడ్డలు, ఏ ఇన్‌ఫెక్షన్ అయినా అలాగే కనబడతాయి. ఇంకొకటి చాలా ఇళ్లలో ఏడుపులు పెట్టిస్తుంది: ఎముకల మూలుగంతా వెలుగుతోందని రాసి ఉండటం. కీమో తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజక్షన్ తీసుకుని ఉంటే మూలుగు, ప్లీహం ఇలా వెలగడం మామూలే. ఆ ఇంజక్షన్ ఏ తేదీన పడిందో స్కాన్ ఫారంలో రాయడం మరిచిపోతే, రిపోర్టు రాసే డాక్టరుకు ఆ సంగతి తెలిసే దారే లేదు. రాయాల్సింది తోడున్నవారే. చివరి కీమో తేదీ, రేడియేషన్ ముగిసిన తేదీ కూడా అక్కడే రాయాలి. రేడియేషన్ అయిన వెంటనే స్కాన్ తీస్తే వాపు, జబ్బు ఒకేలా కనబడతాయి. 8 నుంచి 12 వారాలు ఆగమనడం అందుకే.

రక్తంలో చూసే సీఏ 125, సీఈఏ, పీఎస్‌ఏ లాంటి కేన్సరు మార్కర్లను ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించాలి. కిట్టు మారితే అంకె మారుతుంది. కీమో మొదలైన కొత్తలో కొందరికి ఈ అంకె ముందు పెరిగి తర్వాత దిగుతుంది.

రిపోర్టు ఎవరు తెరవాలి

ఇది స్కాన్‌కు ముందు తేల్చుకోవాల్సిన విషయం. ఇప్పుడు రిపోర్టు డాక్టరుకన్నా ముందు వాట్సాప్‌లో వస్తుంది, అదీ ఏ రాత్రి 9 గంటలకో. ఆ పీడీఎఫ్ ఏ ఫోనుకు రావాలన్నది బిల్లు కట్టే కౌంటరు దగ్గరే తేలిపోతుంది. నంబరు చెప్పమంటే అలవాటుగా కొడుకు నంబరు చెప్పేస్తారు. బెంగళూరులో ఉన్న కొడుకు దాన్ని తెరిచి, గూగుల్‌లో వెతికి, కంగారుపడి అత్తకు ఫోన్ చేస్తాడు. అరగంటలో గాజువాక నుంచి అనకాపల్లి దాకా చుట్టాలందరికీ తెలుస్తుంది, జబ్బు మనిషికి తప్ప.

భార్యాభర్తలు ఇద్దరే ఉన్నప్పుడు, ఇంట్లో కాకపోతే సాయంత్రం బీచ్ రోడ్డు గట్టు మీదో, ఈ మాట అడగొచ్చు: "రిపోర్టు వస్తే నువ్వే చూస్తావా, నన్ను చూసి చెప్పమంటావా, డాక్టరుగారి దగ్గరే ఇద్దరం కలిసి వినేద్దామా?" ఈ మూడింట్లో ఏదైనా సరైనదే. తప్పయ్యేది అడగకుండా ఊహించుకోవడమే. "అన్నీ చెప్పొద్దండీ, ఏం చేయాలో అది చెప్పండి చాలు" అనేవాళ్లూ ఉన్నారు, ప్రతి అంకె కావాలనేవాళ్లూ ఉన్నారు. ఒకసారి చెప్పిన మాట తర్వాత మార్చుకునే హక్కు కూడా జబ్బు మనిషిదే.

జబ్బు పేరే చెప్పకుండా దాచేద్దామనే పెద్దలు మన ఇళ్లలో ఇంకా చాలామంది. ప్రేమతోనే అంటారు. కానీ ఆస్పత్రి గేటు మీద అడుగెత్తు అక్షరాల్లో 'కేన్సర్' అని రాసి ఉంటుంది, పక్క కుర్చీలో కీమో పడుతున్న ఆవిడ ఊరికే ఉండదు, పథకం కౌంటరులో పేరు పిలుస్తూ జబ్బు పేరు కూడా పిలుస్తారు. దాచడం రెండు వారాలకు మించి సాగదు. ఆ తర్వాత తోడున్నవారు చెప్పే మంచిమాట కూడా నమ్మబుద్ధి కాదు.

"ఏం కాదులే, ధైర్యంగా ఉండు" అన్నది చెప్పేవారి మనసుకే ఊరట. వినేవారికి నోరు మూసినట్టుంటుంది. "నాకూ భయంగానే ఉంది. గురువారం డాక్టరుగారిని ఈ మూడూ అడుగుదాం" అంటే ఇద్దరూ ఒకే గట్టున ఉన్నట్టుంటుంది. చుట్టాలకు జవాబివ్వడం ఒక్కరికి అప్పగించాలి, వదినగారో మరిదో. "రిపోర్టు గురువారం వస్తుంది. వచ్చాక నేనే చెబుతాను. ఈలోపు ఫోన్ చేయకండి, వంట చేసి పంపండి" అన్న సందేశం నిష్ఠూరంగా అనిపించినా పని చేస్తుంది.

రాత్రి 2 గంటలకు థర్మామీటరు

చికిత్స నడుస్తూ ఉండగానే స్కాన్ కోసం ఎదురుచూస్తున్నవారికి ఈ భాగం మిగతా అంతటికన్నా ముఖ్యం. కీమో పడిన 7వ రోజు నుంచి 14వ రోజు దాకా తెల్లకణాలు బాగా దిగుతాయి. ఆ వారంలో ఒళ్లు వెచ్చగా అనిపిస్తే చేతితో నుదురు తాకి తేల్చుకోకూడదు. డిజిటల్ థర్మామీటరు నాలుక కింద పెట్టాలి. వేడి నీళ్లో కాఫీయో తాగి ఉంటే పావుగంట ఆగి పెట్టాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ ఆపైన గానీ చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ముందు ఒక డోలో వేసి చూద్దామనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు. జ్వరం దిగుతుంది, ఇన్‌ఫెక్షన్ దిగదు, డాక్టరు దగ్గరికి చేరేసరికి గుర్తు చెరిగిపోతుంది. తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చినవారికి ఆస్పత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ సెలైన్‌లో పడాలి. జ్వరం లేకపోయినా వణుకు, చలి, తికమక ఉంటే అంతే.

గేటు దగ్గర చెప్పాల్సిన మొదటి వాక్యం: "కీమో పేషెంటు, చివరి కీమో ఫలానా తేదీ, జ్వరం ఇంత." మొదటి రెండూ ఒక కార్డు మీద రాసి పర్సులో ఉంచాలి, మందుల పేర్లతో సహా. మధురవాడ నుంచి అగనంపూడి దూరం అర్ధరాత్రి కూడా తక్కువ కాదు. జ్వరం వస్తే దగ్గరలో ఏ ఎమర్జెన్సీకి వెళ్లొచ్చో పగటిపూటే ఆంకాలజిస్టును (కేన్సరు డాక్టరును) అడిగి పెట్టుకోవాలి. 108 ఉండనే ఉంది.

రక్తపరీక్ష కాగితంలో చూడాల్సిన అంకె మొత్తం తెల్లకణాలది కాదు, ఏఎన్‌సీ, అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి 100తో భాగిస్తే వస్తుంది. 2,400 ఉండి 40 శాతమైతే 960, ఇంకా తక్కువే. 3,500 ఉండి 45 శాతమైతే 1,575. మొత్తం అంకె పక్కన ల్యాబు ఎర్ర గుర్తు పెట్టినా, 1,500 దాటింది కాబట్టి, ప్లేట్‌లెట్లు లక్ష ఉంటే చాలా పద్ధతుల్లో కీమో ముందుకు సాగుతుంది. 500 లోపైతే మనుషుల గుంపులు, పచ్చి తిండి పూర్తిగా బంద్. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి క్యూ, సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు తోడున్నవారు తీర్చుకోవచ్చు. జబ్బు మనిషి మొక్కు కణాలు పెరిగేదాకా ఆగుతుంది, సింహాద్రి అప్పన్న ఏమీ అనుకోడు.

తిండి విషయంలో సూత్రం సులువు: వేడివేడిగా వండినది, అప్పటికప్పుడు తినాలి. ఇడ్లీ, పెసరకట్టు, రాగిజావ, బాగా ఉడికిన చేప, గుడ్డు. బీచ్‌లో ముంత మసాలా, కోసి పెట్టిన పళ్లు, పొద్దున రుబ్బి సాయంత్రం దాకా బయట ఉన్న పచ్చడి వద్దు. నోరు పూస్తే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచా ఉప్పు, టీ చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించాలి. ఆవకాయ అడిగినా అప్పుడు పెట్టకూడదు. పంపర పనస కొన్ని మందులను ఒంట్లో ఎక్కువసేపు ఉంచేస్తుంది, డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. ఎదురుచూసే రోజుల్లోనే ఎవరో ఒకరు ఆకుపసరు తెస్తారు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలో నమోదయ్యాయి. కాలేయం అంకెలు పెరిగితే తర్వాతి కీమో ఆగిపోతుంది, కారణం ఎవరికీ అంతుబట్టదు.

తెల్లకణాల ఇంజక్షన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, ఫ్రీజర్‌లో కాదు. ఎక్కువ రోజులు పనిచేసే పెగ్ రకం ఇంజక్షన్‌ను కీమో ముగిసిన 24 గంటల లోపు వేయకూడదు. అక్టోబరు, నవంబరుల్లో చికిత్స ఉన్నవారు ఇంకొకటి ఆలోచించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఐస్ ప్యాకులు, వారానికి సరిపడా మాత్రలు, రిపోర్టుల ప్రింట్లు ఇంట్లో ఉండాలి. ఫోన్‌లో ఉన్న పీడీఎఫ్ ఛార్జింగ్ లేనప్పుడు పనికిరాదు.

ఆ కోపం ఎవరిది

కీమో రోజున, ఆ తర్వాత రెండు మూడు రోజులు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. అది స్టెరాయిడ్. దాంతో నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి పెరుగుతాయి, షుగరు ఎక్కుతుంది. మాత్ర ఆగిన నాలుగో రోజు ఒక్కసారిగా నీరసం, ఏడుపు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని ఇంటాయన కూర గిన్నె తోసేస్తే, అది రిపోర్టు భయమో తన మీద విసుగో అని ఇంటావిడ కుమిలిపోతుంది. సగం కారణం మాత్ర. డాక్టరును అడిగి సాయంత్రం డోసును ఉదయానికో మధ్యాహ్నానికో జరిపించుకుంటే రాత్రులు కాస్త మెరుగవుతాయి. షుగరు లేనివారికి కూడా ఆ మూడు రోజులు ఒకసారి చూడటం మంచిది.

కీమో తర్వాత 48 గంటలు ఒంటేలు, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోవాలి, మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. ఆ రోజుల్లో కలయికకు కండోమ్ తప్పనిసరి. పక్కన పడుకోవడానికీ, చెయ్యి పట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదు. అంటుకుంటుందని మంచం వేరుచేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి గనుక ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఫైలు

పేరు దగ్గరే మొదటి చిక్కు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ల్యాబులో పొడి అక్షరం, రేషన్ కార్డులో మరో వరుస. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ (జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీ) కింద అనుమతి కోసం బయాప్సీ రిపోర్టు పంపినప్పుడు ఈ తేడా మీద ప్రశ్న పడుతుంది. బయాప్సీ ఫారం మీదే ఆధార్‌లో ఉన్నట్టు రాయిస్తే వారం మిగులుతుంది. ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను రిపోర్టు వచ్చాక కాదు, ముందే కలిసి ఏ కాగితాలు కావాలో రాసుకోవాలి. స్టీల్‌ప్లాంట్, పోర్టు, రైల్వే కుటుంబాలు రిఫరల్ లెటరు గడువు తేదీ చూసుకోవాలి. రిపోర్టు కోసం ఆగినన్ని రోజుల్లో అది చెల్లిపోయే ప్రమాదం ఉంది.

రెండో అభిప్రాయానికి రైల్లో వెళ్లేవారికి రైల్వే రాయితీ ఉంది. కేన్సరు రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం తీసుకుని స్టేషన్ కౌంటరులో ఇవ్వాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లినా, కాట్పాడి దిగి వెల్లూరు వెళ్లినా ఇదే.

తోడున్న మనిషి తన బీపీ మాత్ర మరిచిపోవడం ఈ వారాల్లోనే మొదలవుతుంది. ఇద్దరి మందుల పెట్టెలూ ఒకేచోట పెడితే చాలు. రాత్రి గుండె దడగా ఉండి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

రిపోర్టు బాగుందని డాక్టరు చెప్పాక కూడా ఈ వారాలు మళ్లీ మళ్లీ వస్తాయి. చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లు చాలా కేన్సర్లలో 3 నుంచి 6 నెలలకోసారి చూపించుకోవాలి. కాబట్టి తేదీలు పెట్టుకునేటప్పుడే ఎదురుచూపును కుదించుకోవచ్చు. ముందు డాక్టరు ఓపీ రోజు ఖాయం చేసుకుని, దానికి రెండు మూడు రోజుల ముందు స్కాన్ పెట్టుకోవాలి. ఓపీ గురువారమైతే స్కాన్ సోమవారం. పండగ ముందు శనివారం స్లాట్ ఖాళీగా ఉందని కౌంటరులో ఎంత ఆశపెట్టినా తీసుకోకూడదు. సంక్రాంతి నాలుగు రోజులూ ఆ ఫోనునే చూస్తూ గడపాల్సి వస్తుంది.